అరమోన్ తీగ మొదటి శ్రేణిలో పాసైన వైనం

ప్రభుత్వం ప్రకటించే వరకు ఏ పురుగూ పుట్టదు. ఇది ప్రకృతి నియమం కాదు, అంతకంటే గట్టిది. జిల్లా గెజెట్టులో అచ్చయిన నియమం. 1879 మార్చి నెలలో మా జిల్లా మొత్తం మీద ద్రాక్ష వేళ్ళను తినే పేను ఒక్కటి కూడా లేదని జిల్లా అధికారి ప్రిఫెక్టు సంతకంతో ప్రకటన వెలువడింది. దాన్ని అతికించిన గోడల్లో కాంప్రిగా ఊళ్ళో ఫుల్‌క్రాన్ విదాల్ ఇంటి వంటగది గోడ ఒకటి. ఆ ప్రకటన కిందే మొగుడికీ పెళ్ళానికీ మధ్య పదకొండు రోజులుగా తగువు నడుస్తోంది. తగువు పేల గురించి కాదు, చిక్కుడుగింజలు ఉడికించే కుండ గురించి.

ఓనరీన్ వాదన చిన్నది. ఆదివారం వస్తే ఇంటిల్లిపాదికీ చిక్కుడుగింజలూ పందిమాంసమూ కలిపి వండడానికి సరిపడే కుండ ఇంట్లో ఒక్కటే ఉంది. అందులో ఇప్పుడు మట్టీ, ఒక ద్రాక్ష మొక్కా ఉన్నాయి. వాటిని తీసెయ్యాలి. ఫుల్‌క్రాన్ వాదనలో రెండు భాగాలున్నాయి. మొదటిది, ఆ కుండ ఇప్పుడు కుండ కాదు, ఏడో నంబరు ఉపపరీక్షా కేంద్రంలో పద్నాలుగో పాత్ర. రెండోది, మొదటిది అర్థం కానివాళ్ళకు రెండోది చెప్పి లాభం లేదు.

ఫుల్‌క్రాన్ ‘వేరుపేను జాగరూకతా సంఘం’ వారి గ్రామ ప్రతినిధి. జీతం లేదు, రేకు బిళ్ళ ఉంది. మూడు నెలలకొకసారి ‘మా ఊళ్ళో పేను లేదు’ అని రాసి సంతకం పెట్టి పంపడం ఆయన విధి. ఆరేళ్ళుగా ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదు. ఆ క్రమశిక్షణ చూసే సంఘం వారు ఈ పరీక్షను ఆయన ఇంటికి కేటాయించారు. ఏ జాతి ద్రాక్ష తీగ వేరుపేనుకు తట్టుకుని నిలబడుతుందో తేల్చడానికి పద్నాలుగు జాతుల మొక్కలు పంపారు. తొట్లు మాత్రం పదమూడు పంపారు. (పద్నాలుగో తొట్టి మంజూరు కాగితం విడిగా బయల్దేరింది. ఈ కథ ముగిసేనాటికి కూడా దారిలోనే ఉంది.) అందుకని రిపారియా అనే అమెరికా తీగకు ఓనరీన్ కుండ దక్కింది.

ఈ తగువులో అత్తగారు మార్గరీద ఎవరి పక్షమూ వహించలేదు. తన మొగుడు బతికున్న రోజుల్లో కుండలో చిక్కుడుగింజలుండేవనీ, తొట్లో మొక్కలుండేవనీ, జిల్లాలో ప్రిఫెక్టు ఉన్నట్టే ఎవరికీ తెలిసేది కాదనీ మాత్రం రోజుకొకసారి గుర్తుచేసేది.

అసలు ఓనరీన్ బెంగ కుండ మీద కాదు, కింది చేను మీద. వాగు పక్కన అరమోన్ అనే దేశవాళీ ద్రాక్ష వేసిన ఆ తోట ఒక్కటే వాళ్ళ బతుకు. రెండేళ్ళుగా జులై వచ్చేసరికి దాని ఆకులు పసుపెక్కి, అంచులు ఎర్రగా మాడిపోతున్నాయి. నీమ్ పట్నం అవతల ఉన్న ఆమె చెల్లెలి ఊళ్ళో సరిగ్గా ఇలాగే మొదలైంది. మూడో ఏడు తోటలకు తోటలు పీకి పొయ్యిలో పెట్టుకున్నారు. కొందరు అమెరికా తీగలు నాటి బతికిపోయారు, మిగిలినవాళ్ళు ఓడెక్కి అల్జీరియా వెళ్ళిపోయారు. కింది చేలో వచ్చే చలికాలం లోపల తట్టుకునే తీగ పడకపోతే తమకూ ఆ ఓడే గతి అని ఓనరీన్‌కు తెలుసు. ఫుల్‌క్రాన్‌కు తెలియదు. తెలియకూడదని ఆయన ఆరేళ్ళుగా చాలా కష్టపడుతున్నాడు.

చట్టం ఏమంటుందంటే, పేను ఉన్నట్టు ప్రకటించిన జిల్లాలో తప్ప అమెరికా తీగ నాటకూడదు. పేను ఉన్నట్టు ప్రకటించాలంటే వేళ్ళు తవ్వి చూపించాలి. పేను ఉన్నట్టు ప్రకటించిన జిల్లాలో తప్ప వేళ్ళు తవ్వకూడదు. ఈ మూడు వాక్యాలూ రాసినాయనకు పారిస్‌లో పతకం ఇచ్చారని చెప్పుకుంటారు.

పరీక్షకు కూడా ఇలాంటి పద్ధతే పెట్టారు. ప్రతి తీగకూ ఇరవై మార్కులు. పేను తగిలినా చెక్కుచెదరకపోతే ఇరవై, చచ్చిపోతే సున్న. తొమ్మిదో నిబంధన ప్రకారం పేలు లేకుండా పరీక్ష జరపకూడదు. పన్నెండో నిబంధన ప్రకారం పేలు లేని జిల్లాలోకి పేలు తేవడం నేరం. కాబట్టి పేలను సంఘమే ‘తగిన మార్గంలో’ సరఫరా చేస్తుంది. ఫుల్‌క్రాన్ ఉత్తరం రాశాడు. ఎన్ని కావాలని జవాబు వచ్చింది. తొట్టికి ఇరవై చొప్పున రెండు వందల ఎనభై అని రాశాడు. అవి ఆడవా మగవా అని మళ్ళీ జవాబు వచ్చింది. వేళ్ళు తినేవన్నీ ఆడవేనని పుస్తకం చూసి రాశాడు. అలాగైతే భర్తల అనుమతి పత్రం లేకుండా ఆడవాళ్ళను ప్రభుత్వ పనిలో నియమించడం కుదరదని మూడో జవాబు వచ్చింది. (వాటికి భర్తలుండరనీ, మగవాళ్ళ ప్రమేయం లేకుండానే పిల్లల్ని కంటాయనీ ఫుల్‌క్రాన్ ఇచ్చిన వివరణ ‘అసభ్యం’ అన్న ముద్రతో తిరిగొచ్చింది. ఆ ఉత్తరాన్ని ఓనరీన్ రెండుసార్లు చదివించుకుంది.)

ఇలా ఏప్రిల్ గడిచింది. పద్నాలుగు తీగలూ వంటగది కిటికీ కింద చిగుళ్ళు వేసుకుంటూ, పరీక్షకులు రాని పరీక్షకు వచ్చిన పిల్లల్లా కూచున్నాయి.

మే మొదటి వారంలో ఒక మధ్యాహ్నం ఓనరీన్ సూపు గరిటె తీసుకుని కింది చేనికి వెళ్ళింది. (గునపం తీసుకెళితే తవ్వినట్టు అవుతుంది. గరిటె గురించి చట్టంలో లేదు.) బక్కచిక్కిన తీగ ఒకటి చూసి దాని మొదట్లో గీరింది. సన్న వేళ్ళన్నీ కణుపులు కణుపులుగా ఉబ్బి ఉన్నాయి. వాటి మీద ఆవపిండి చల్లినట్టు పచ్చటి నలుసులు కదులుతున్నాయి. ఆ వేళ్ళను కంచంలో పెట్టుకుని ఇంటికి తెచ్చి, మొగుడి ముందు బల్ల మీద ఉంచింది.

"ఇవేంటో చెప్పండి," అంది.

ఫుల్‌క్రాన్ కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "నాకేం కనబళ్ళేదు."

"అద్దాలు పెట్టుకుంటే కనబడతాయి."

"పెట్టుకుంటే సంఘం ప్రతినిధిగా చూసినట్టవుతుంది. చూస్తే రాయాలి. రాస్తే ఈ ఆరేళ్ళూ నేను పెట్టిన సంతకాలన్నీ ఏమైనట్టు? అద్దాలు లేకపోతే ఉత్త నీ మొగుణ్ణి. నీ మొగుడికి చూపానదు."

"మా ఆయనకి అల్జీరియా ఓడైనా ఆనుతుందా?"

ఆయన కంచం వేడినీళ్ళతో కడగమని చెప్పి బయటికి వెళ్ళిపోయాడు. ఓనరీన్ కంచం కడిగింది. కడిగే ముందు అందులో ఉన్నదాన్ని పద్నాలుగు వాటాలు వేసి, పంక్తిలో వడ్డించినట్టు ఎవరికీ ఎక్కువా తక్కువా కాకుండా ఒక్కో తొట్టిలో ఒక్కో చెంచా వేసింది. పొయ్యి పక్కన మేజోళ్ళు అల్లుకుంటున్న అత్తగారు సూదులు ఆపి చూసింది.

"ఏం వేస్తున్నావే వాటికి?"

"ఎరువు, అత్తయ్యా."

"పాకుతోందేం, ఎరువు?"

"మంచి ఎరువు," అంది ఓనరీన్.

మర్నాడు పొద్దున ఫుల్‌క్రాన్ అద్దాలు పెట్టుకుని తొట్లు పరిశీలించి, రిజిస్టరులో ‘పరీక్షకులు విచ్చేశారు. ఏ వాహనంలో వచ్చారో తెలియదు’ అని గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. ఆ పూటంతా హుషారుగా ఉన్నాడు. పెళ్ళాన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్న జాగరూకత అది.

వేసవి సాగింది. మొదటి తొట్లోని అరమోన్ ఆగస్టుకే వాడి, సెప్టెంబరుకి ఎండుపుల్లయింది. ఊళ్ళో అందరూ నాటే మిగతా దేశవాళీ జాతులు కూడా ఒకదాని వెనక ఒకటి అదే దారి పట్టాయి. కుండలోని రిపారియా మాత్రం కిటికీ దాటి, గోడెక్కి, ప్రిఫెక్టు ప్రకటనను సగం కప్పేసింది. కూతురు అడేల్ దానికి రోజూ నీళ్ళు పోస్తూ, ఇది పాసైతే మన కుండ మనకొస్తుందా అని తండ్రిని అడిగేది. పాసైన తొట్టిని భద్రపరచాలి, ఫెయిలైన తొట్టిని విచారణ కోసం భద్రపరచాలి అని ఆయన నిబంధన చదివి వినిపించాడు.

అక్టోబరులో, కోతలయ్యాక, మార్కులు వెయ్యడానికి రెండో తరగతి ఇన్‌స్పెక్టరు బుటోనె గారు వచ్చారు. మనిషి మర్యాదస్తుడు. కష్టమైన పనులు భోజనం తరవాత చెయ్యడం ఆయన పద్ధతి. పెరట్లో కోళ్ళగూటి మీది పందిరి కింద బల్ల వేశారు. ఆ పందిరికి అల్లుకున్నదీ అమెరికా తీగే. నాలుగేళ్ళ కిందట ఓనరీన్ చెల్లెలు ఎండు సాసేజిల మూటలో చుట్టి పంపిన నాలుగు పుల్లలు అవి. అమెరికా తీగను పంటగా వేస్తే నేరం, కోళ్ళకు నీడగా వేస్తే అలంకారం. బుటోనె గారు రెండు కంచాల సాసేజి ఖాళీ చేసి, ఇంత దట్టమైన నీడ జిల్లాలో ఎక్కడా చూడలేదని మెచ్చుకుని, మూతి తుడుచుకుని లోపలికి నడిచారు.

పని మొదటి తొట్టి దగ్గరే చిక్కుపడింది. ఆయన ఆకులు లెక్కపెట్టాలని చూశారు, ఆకుల్లేవు. ఓనరీన్ అప్పటిదాకా గుమ్మంలో నిలబడి ఉంది. తొట్టి బోర్లించి వేళ్ళు చూస్తే ఏది పాసో ఏది ఫెయిలో క్షణంలో తేలిపోతుంది కదండీ, పరీక్ష వేళ్ళకే కదా అంది. బుటోనె గారు జాలిగా నవ్వి, నలభై ఒకటో నిబంధన ప్రకారం వేళ్ళు బయటపెట్టకూడదనీ, పెడితే పేలు బయటికొచ్చి జిల్లాలో వ్యాపిస్తాయనీ చెప్పారు.

"జిల్లాలో పేలు లేవన్నారు కదండీ," అంది ఓనరీన్.

"లేవు కాబట్టే రాకూడదమ్మా. ఉన్నవి వస్తే చూసుకోవచ్చు. లేనివి వస్తే ఎవరిది బాధ్యత?"

ఓనరీన్ మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. 

అందువల్ల వేళ్ళ పరీక్షకు మార్కులు నేలపైన కనిపించేదాన్ని బట్టి వేశారు. అరమోన్ ఎండిపోయింది కాబట్టి పరీక్ష రోజున లేనట్టు లెక్క. కారణం అనారోగ్యం. అనారోగ్యంతో హాజరు కాలేనివాళ్ళకు పూర్వపు ప్రవర్తన చూసి సగటు మార్కులు వేసే సదుపాయం ఉంది. రోమన్ల కాలం నుంచీ ద్రాక్ష ఈ నేలలో ఏ ఫిర్యాదూ లేకుండా పనిచేస్తోంది. కాబట్టి అరమోన్‌కు ఇరవైకి పదిహేడు. మిగతా ఎండుపుల్లలకు హోదాను బట్టి పన్నెండు నుంచి పదిహేను దాకా వచ్చాయి.

కుండ దగ్గరికొచ్చేసరికి బుటోనె గారి ముఖం గంభీరమైంది. రిపారియా ఆకు తిప్పి చూశారు. ఒక్క మచ్చ లేదు. ఇంత ఆరోగ్యంగా ఉందంటే ఇది అసలు పరీక్షకు కూచోలేదన్నమాట అని తేల్చారు. కూచుని ఉంటే ఏదో ఒకటి అయ్యేది. సున్న. దాని కింద రుచి గురించిన గడి ఒకటుంది. అమెరికా ద్రాక్షతో చేసిన సారాయి నక్క వాసన వేస్తుందని సంఘం వారి అభిప్రాయం. రుచి చూసినవారు గతంలో నక్కను రుచి చూశారా అన్న ప్రశ్నకు ఆయన ‘వర్తించదు’ అని రాసి, మొక్కను తగలబెట్టమని ఉత్తర్వు ఇచ్చారు.

చివరి గడి పేల జన్మస్థలం. బుటోనె గారు కలం ఎత్తి ఫుల్‌క్రాన్ వైపు చూశారు. ఫుల్‌క్రాన్ తన రేకు బిళ్ళ వైపు చూసుకున్నాడు. ఆయన నోరు తెరిస్తే ఆరేళ్ళ సంతకాలు పోతాయి. మూసుకుంటే ఈ ఇంటిని పన్నెండో నిబంధన కింద జైలుకు పంపవచ్చు.

"ఇక్కడే పుట్టాయండి," అంది ఓనరీన్. "మా వంటింట్లో."

బుటోనె గారికి గుండె మీద బరువు దిగినట్టయింది. వంటింట్లో పుట్టిన పురుగు ఆరోగ్య శాఖ కిందికి వస్తుంది, బొద్దింకలాగ. వ్యవసాయ శాఖకు సంబంధం లేదు. జిల్లా ఎప్పటిలాగే శుభ్రం. ‘గృహజన్యం’ అని రాసి, మిగిలిన సాసేజి కాగితంలో కట్టించుకుని బండెక్కారు.

ఆయన వెళ్ళాక ఫుల్‌క్రాన్ రిపారియాను పెరట్లోకి తీసుకెళ్ళి స్వయంగా తగలబెట్టాడు. తగలబెట్టిన మొక్క తొట్టి గురించి నిబంధన లేదు గనక ఓనరీన్ కుండ తోముకుంది. మూడు నీళ్ళకు గానీ మట్టి వాసన వదల్లేదు.

జనవరి ఇరవై రెండున, ద్రాక్షతోటల దేవుడు సెయింట్ విన్సెంట్ పండగనాడు, ఫలితాలు గెజెట్టులో వచ్చాయి. ఊరేగింపు ముగిశాక మేయరు గుడి మెట్ల మీద నిలబడి చదివాడు. పద్నాలుగు జాతుల్లో కాంప్రిగా ఊరి అరమోన్ మొదటి శ్రేణిలో, మొదటి స్థానంలో పాసైంది. శిక్షణ ఇచ్చినందుకు ఫుల్‌క్రాన్‌కు రేకు బిళ్ళ స్థానంలో ఇత్తడి బిళ్ళ. జనం చప్పట్లు కొట్టారు. మేయరు కాగితం తిప్పి రెండో వైపు చదివాడు. వేరుపేనును జయించిన తీగ ఏదైతే అది తమకూ కావాలని పదకొండు ఊళ్ళవాళ్ళు ముందే అర్జీ పెట్టుకున్నారు. ఊరికి నలభై చొప్పున నాటు మొక్కలు ఫుల్‌క్రాన్ తన తోట నుంచి మార్చి లోపల పంపాలి. ఊళ్ళ పేర్లు కూడా చదివాడు. తొమ్మిదో పేరు ఓనరీన్ పుట్టిల్లు. ఆమె అన్న పాత తోట మొత్తం పీకేసి, నేల దున్ని, ఏది నాటాలో తెలియక కూచున్నాడని క్రిస్మస్‌కే కబురొచ్చింది.

ఓనరీన్ మొగుడి ముఖం చూసింది. ఆయన కొత్త బిళ్ళను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు గాని కోటుకు పెట్టుకోలేదు.

మర్నాడు ఫుల్‌క్రాన్ భోజనం మధ్యలో లేచి, కొట్టంలోంచి గునపం తీసుకుని కింది చేనికి వెళ్ళాడు. ఊరి ప్రతినిధి గునపంతో తోటలోకి వెళ్ళడం ఊళ్ళో సగంమంది చూశారు. రెండు గంటల తరవాత తిరిగి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. కళ్ళద్దాల మీద కూడా బురద ఉందని ఓనరీన్ గమనించింది. అంటే అద్దాలు పెట్టుకునే చూశాడన్నమాట. ఆయన బల్ల దగ్గర కూచున్నాడు. ఆమె నీళ్ళూ గుడ్డా ఇచ్చింది. అద్దాలు తుడుచుకుంటూ, ఎవరితోనూ కాదన్నట్టు, "మొత్తం అంతా," అన్నాడు. 

ఆ వారమంతా ఆయనకు ఇదే లెక్క. నిజమైన అరమోన్ పంపితే పదకొండు ఊళ్ళలో రెండేళ్ళలో ఎండిపోతుంది. పంపనంటే ఎందుకని అడుగుతారు. నిజం రాస్తే జిల్లా కార్యాలయం నుంచి మనుషులొచ్చి ముందు కింది చేను తగలబెట్టి, ఆ తరవాత పేను లేని చేను ఎందుకు తగలబడిందని సంజాయిషీ అడుగుతారు. ఫుల్‌క్రాన్ నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివాడు, చివరి నుంచి మొదటికి కూడా చదివాడు. శనివారం కోళ్ళకు గింజలు వేస్తున్న ఓనరీన్ దగ్గరికి వచ్చి, పందిరి మీది తీగ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"మీ చెల్లెలి మొగుడు అంటు దేంతో కడతాడు?" అని అడిగాడు.

"నారతో. కట్టి, పైన బంకమట్టి మెత్తుతాడు."

"అడుగున అమెరికాది, పైన మనది?"

"అవును. అడుగుది పేనుకి తట్టుకుంటుంది. పైది పండ్లు కాస్తుంది. నక్క వాసనా ఉండదు."

"నీకు కట్టడం వచ్చా?"

"వచ్చు," అంది. రెండేళ్ళ కిందట చెల్లెలి పురిటికి వెళ్ళినప్పుడు నెల రోజులు కట్టిందామె. ఆ సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం నలుగురూ బల్ల చుట్టూ కూచున్నారు. అడేల్ రొట్టె కోస్తోంది. మార్గరీద పంటికింద ఎముక చూసుకుంటోంది. ఫుల్‌క్రాన్ చెంచా పక్కన పెట్టి, గొంతు ఏమాత్రం పెంచకుండా చెప్పాడు. రేపట్నించి కోళ్ళగూటి మీది తీగ కొయ్యడం మొదలు. దాని మీద మన అరమోన్ కొమ్మ అంటు కడతారు, ఓనరీన్ కడుతుంది, అడేల్ నార చుడుతుంది. పదకొండు ఊళ్ళకూ అవే పోతాయి. మిగిలినవి కింది చేలో పాత తీగలు పీకి, వాటి గుంటల్లోనే పడతాయి.

 ఓనరీన్ గరిటె కుండలోనే ఉండిపోయింది.

"చీటీ మీద ఏం రాస్తావురా?" అంది మార్గరీద.

"అరమోన్ అనే రాస్తానమ్మా. నేలపైన కనబడేదంతా అరమోనే," అన్నాడు ఫుల్‌క్రాన్. "వేళ్ళు చూడమని నాకు సంఘంలో ఎవరూ చెప్పలేదు."